కోతకు ముందు గీత

అధ్యక్షుడి ఉపన్యాసం పొడుగైతే తర్వాతి పత్రాలకు టైము తగ్గుతుంది. అందుకని నేరుగా విషయానికొస్తాను.

చర్మ క్యాన్సర్ ఆపరేషన్‌లో అన్నిటికన్నా కష్టమైన పని కత్తి పట్టక ముందే జరిగిపోతుంది. మత్తు సూది వేయకముందే సర్జన్ మార్కర్ పెన్నుతో పుండు చుట్టూ గీత గీస్తాడు. మందు ఎక్కిందంటే చర్మం ఉబ్బి, పాలిపోయి, ఉన్న హద్దు కాస్తా చెదిరిపోతుంది. కంటికి కనబడే హద్దు దాటి ఇంకెంత తీయాలి? అంచు తేటగా ఉండి, రెండు సెంటీమీటర్ల లోపున్న బేసల్ సెల్ కార్సినోమాకైతే 4 మిల్లీమీటర్లు. ఊల్ఫ్, జిటెలీ 1987లో తేల్చిన లెక్క ఇది. ఆ మేరకు తీస్తే నూటికి 95కు పైగా కేసుల్లో కణితి పూర్తిగా వచ్చేసింది. వీపు మీద 4 మిల్లీమీటర్లు ఎవరికీ పట్టదు. కింది కనురెప్ప అంచున అదే 4 మిల్లీమీటర్లంటే కన్ను సరిగ్గా మూతపడుతుందా లేదా అన్న సమస్య.

తీసిన ముక్కను పాథాలజిస్టు బ్రెడ్డు కోసినట్టు నిలువు పలకలుగా కోసి చూస్తాడు. ఆ పలకల్లో కనబడేది మొత్తం అంచులో ఒక శాతం లోపేనని ఆ రంగంవాళ్లే ఒప్పుకుంటారు. ఈ లోటు తీర్చినవాడు అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన ఫ్రెడరిక్ మోస్. 1930ల్లో మొదలుపెట్టి 1941లో ప్రచురించిన ఆయన పద్ధతిలో పొరపొరగా తీస్తారు, తీసిన పొర అడుగునూ అంచునూ పూర్తిగా మైక్రోస్కోపు కింద చూస్తారు, రోగం మిగిలినచోట మాత్రమే మళ్లీ తీస్తారు. ముఖం మీది క్యాన్సర్లకు ఇంతకన్నా నమ్మకమైనది నాకైతే కనబడలేదు. కాకపోతే గాయం ఎంతవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పొద్దున వచ్చిన రోగి పట్టీతో బయట కూర్చుని, పిలిచినప్పుడల్లా లోపలికెళ్లి, చివరికెప్పుడో తన ముక్కులో ఎంత పోయిందో తెలుసుకుంటాడు.

కోయకుండానే చర్మం లోపలిని బొమ్మగా చూపే ఇమేజింగ్ అక్కరకొచ్చేది ఇక్కడే. దీనివల్ల కోత చిన్నదవుతుందని ప్రచారం. ఒక్కోసారి పెద్దదే అవుతుంది. ఎంత కోయాలో, అసలు కోయాలో వద్దో రోగితో ముందే కూర్చుని మాట్లాడుకోగలగడం అసలు లాభమని నా అభిప్రాయం. లెంటిగో మాలిగ్నా సంగతే చూడండి. ఎక్కువగా తెల్లవాళ్లలో, ఏళ్ల తరబడి ఎండకు కమిలిన ముఖాల మీద, పెద్దవయసులో వచ్చే మెలనోమా అది, ఇంకా పైపొర దాటనిది. రంగు ఆగినచోట రోగం ఆగదు. సిడ్నీలో పాస్కల్ గిటెరా బృందం 37 మందికి కాన్ఫోకల్ మైక్రోస్కోపుతో అంచులు గుర్తించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. 27 మందిలో చికిత్స ప్రణాళికే మారిపోయింది. కొందరికి కోత మారింది, కొందరికి ఆపరేషన్‌కు బదులు రేడియేషనో పూతమందో సూచించారు.

ఆ పరీక్ష చూడనివారి కోసం కొంచెం చెబుతాను. చర్మం మీద నూనెచుక్క వేసి, ప్లాస్టిక్ బిళ్ల అంటించి, పైన జెల్ రాసి లెన్సు ఆనిస్తారు. కాంతి 830 నానోమీటర్ల లేజరు. తెర మీద కనబడేది నలుపు తెలుపు బొమ్మ, అదీ పైనుంచి పొర పొరగా చూసే బొమ్మ, పాథాలజీలో మనకు అలవాటైన నిలువుకోత అక్కడ దొరకదు. అందులో మెలనిన్ తళతళ మెరుస్తుంది. మిలింద్ రాజాధ్యక్ష, రాక్స్ ఆండర్సన్ ప్రభృతులు 1995లో బోస్టన్ నుంచి ప్రకటించింది ఈ సంగతే. వెంట్రుక కుదురు చుట్టూ కొమ్మలు చాచిన తెల్లటి కణాలు గుమిగూడితే లెంటిగో మాలిగ్నాను అనుమానిస్తాం. బేసల్ సెల్ అయితే కణితి దిబ్బలూ, వాటి చుట్టూ నల్లటి సందూ కనబడతాయి. పక్కనే ఉబ్బిన రక్తనాళంలో కణాలు పరుగెత్తుతుంటాయి. గాజు పలక మీద ఆ పరుగు ఎన్నడూ చూడలేం! అంచున అంటించిన సన్నని పట్టీ బొమ్మలోనూ కనబడుతుంది కనక, రోగం పట్టీకి ఇవతలే ఆగిందో అవతలికి పాకిందో చూసి పెన్నుతో గీస్తారు.

అయితే ఈ కాంతి దిగేది పావు మిల్లీమీటరు లోతుకే. 1991లో ఎంఐటీ నుంచి వచ్చిన ఓసీటీ స్కాన్, మన కంటి డాక్టర్లు రోజూ వాడేదే, ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది గాని కణాలను విడివిడిగా చూపదు. 20 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ఇంకా లోతుకు వెళ్తుంది. అక్కడ వాపునూ పాత మచ్చనూ కణితి నుంచి వేరు చేయడం కష్టం. మొత్తం మీద వెడల్పు తెలిసినంతగా అడుగు తెలియదు. సన్నని పోగులుగా చొచ్చుకుపోయే రకం బేసల్ సెల్‌లో తెర ఖాళీగా ఉందని ధైర్యపడకూడదు. పాథాలజీ రిపోర్టుకు బదులు ‘ఇమేజింగ్‌లో క్లియర్’ అని కేస్ షీటులో రాసే అలవాటు మనకు వద్దు.

మన దగ్గర చర్మ క్యాన్సరే తక్కువ, ఇంత ఖరీదైన యంత్రం ఎందుకనేవారున్నారు. వారి మాట తీసిపారేయలేను. కాని జిరోడెర్మా పిగ్మెంటోసమ్ పిల్లలున్నారు. ఎండ వల్ల డీఎన్ఏకు జరిగే నష్టాన్ని వాళ్ల ఒళ్లు సరిచేసుకోలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితే వచ్చే జబ్బు ఇది. మేనరికాలు ఇంకా నడుస్తున్న మన జిల్లాల్లో దీన్ని మరిచిపోవడానికి వీల్లేదు. ఆ ముఖాల మీద ఒక కణితి తీసేలోగా ఇంకోటి లేస్తుంది, మిగిల్చిన ప్రతి మిల్లీమీటరూ రేపటికి కావాలి. మరోపక్క, మన మెలనోమాల్లో చాలా భాగం అరికాళ్లలో వస్తుంది. అక్కడి మందపు తోలును దాటి కాన్ఫోకల్ కాంతి సరిగ్గా దిగదు. మెలనిన్ ఎక్కువున్న చర్మంలో ఆరోగ్యంగా ఉన్న కణాలే మెరుస్తాయి. తెల్లచర్మపు అట్లాసులు చూసి నేర్చుకున్న కన్ను ఇక్కడ తడబడుతుంది.

మన చర్మాల అట్లాసు మనమే కూర్చుకోవాలి, దానికి యంత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు డెర్మోస్కోపు ఫొటో, గీత గీశాక స్కేలు పెట్టి మరో ఫొటో తీయండి. ముక్క పైకొసన దారపు ముడి వేసి పంపండి. ఏ వైపున ఎన్ని మిల్లీమీటర్ల మంచి చర్మం మిగిలిందో పాథాలజిస్టును అడిగి రాయించుకోండి. ఈ నాలుగూ ఉన్న కేసులకే వచ్చే సభలో ఒక పూట కేటాయించాలని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. మొదటి పత్రం సమర్పించేవారు వేదిక మీదికి రావచ్చు.