పాపం కాదక్కా, తడి!

(నూజివీడు దగ్గర ఒక దళితవాడలో కూలి జనం ముందు చేసిన ప్రసంగం)



రసాలు, బంగినపల్లి లారీలెక్కి వెళ్లిపోయాయి. మన చేతుల మీద సొన కాల్చిన మచ్చలు మిగిలాయి. తొలకరి పడింది, ఇక నాట్లు. పది రోజులు బురదలో నిలబడితే చాలు, కాలివేళ్ల సందులు తెల్లగా నాని, తోలు ఊడి, దురద, మంట, వాసన. అందుకే ఈరోజు కాళ్ల గురించి మాట్లాడతాను.

మా అమ్మ నాట్ల రోజుల్లో రాత్రంతా కాళ్లు గీరుకుంటూ కూచునేది. "ఏ జన్మలో పాపమో నాయనా" అనేది. నాలుగక్షరాలు నేర్చాక నాకు తెలిసింది, అది పాపం కాదు, బూజు అని.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుంది? బూజు పడుతుంది. ఇదీ ఆ జాతిదే. పుస్తకాల్లో శిలీంధ్రం అంటారు. ఒంటిమీద గుండ్రంగా లేచే తామర దీని చుట్టమే. మన తోలు పైపొరలో కెరటిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని తిని బతుకుతుంది. దానికి తడి, వెచ్చదనం, గాలాడని సందు కావాలి. చిటికెన వేలి పక్క సందు ఇరుకు కాబట్టి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఒకరి తువ్వాలు, చెప్పులు ఇంకొకరు వాడితే అంటుకుంటుంది.

బూట్లు బిగించుకు తిరిగే ఆఫీసరుకీ ఇది వస్తుంది. కానీ ఆయన సాయంత్రం బూట్లు విప్పి కాళ్లు ఆరబెట్టుకుంటాడు. మనకి ఆరే పొద్దేది? బూజుకి కులం లేదు. ఎవరి కాలు ఎన్ని గంటలు నానాలో మాత్రం మన ఊళ్లలో కులమే రాసిపెట్టింది. చెప్పులు కుట్టింది మనవాళ్లు, పెద్దల వీధిలో వాటిని చేత్తో పట్టుకు నడిచిందీ మనవాళ్లే.

చిన్న జబ్బే గదా అని వదలొద్దు. ఆ పగుళ్లలోంచి క్రిములు దూరితే కాలు వాచి జ్వరమొస్తుంది. షుగరు, బోదకాలు ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం.

ఇంటికి రాగానే సబ్బుతో కడిగి, సందుసందూ పొడిగుడ్డతో ఒత్తండి. కిరసనాయిలు పొయ్యొద్దు. క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటి పూతమందులున్నాయి. డాక్టరు చెప్పినన్నాళ్లూ రాయాలి, దురద తగ్గిందని మధ్యలో ఆపితే మళ్లీ లేస్తుంది. షాపులో అడగ్గానే ఇచ్చే కలగలుపు ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. దురద వెంటనే పోతుంది, బూజు లోపల పాకుతుంది. స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మీరూ చీటీ లేకుండా కొనకండి.

ఒకటి మాత్రం ఒంటరిగా అయ్యేది కాదు. రేపు కూలి మాట్లాడేటప్పుడు రూపాయలతో ఆగొద్దు. అన్నాల వేళ కాళ్లు కడుక్కోను మంచినీళ్లు, ఆరబెట్టుకోను అరగంట అందరం కలిసి అడుగుదాం. ఇది దయ కాదు, కూలిలో భాగం.

జై భీమ్!