లేజర్ అయిపోయాక

ఇవాళ ఆప్టోమెట్రీ పట్టా అందుకున్న మీతో ఒక్క విషయమే మాట్లాడతాను: రెటీనా చిరుగుకు లేజర్ చేశాక ఏమవుతుంది? లేజర్ రెటీనా డాక్టర్లం మేం చేసినా, తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా రోగి ముందుగా వచ్చేది ఊళ్లో ఉన్న మీ దగ్గరికే.

1920ల ముందు రెటీనా ఊడిందంటే ఆ కంటి మీద ఆశ వదులుకోవడమే. మూలం చిరుగేననీ, దాన్ని మూస్తే పొర మళ్లీ అతుక్కుంటుందనీ స్విట్జర్లాండ్‌లో జూల్స్ గోనిన్ చేసి చూపించాడు. తోటి డాక్టర్లను నమ్మించడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు పొర ఊడకముందే చిరుగు చుట్టూ రెండు మూడు వరుసల లేజర్ మచ్చలు వేసి, కాసేపట్లో ఇంటికి పంపేస్తున్నాం. ఇంత సులువుగా జరిగేసరికి పని పూర్తయిందనుకుంటాడు రోగి.

ఆ మచ్చలు గట్టిపడి పట్టు రావడానికి సుమారు రెండు వారాలు కావాలి. ఈలోగా చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే పొర ఊడొచ్చు. కంటి లోపలి విట్రియస్ జెల్ రెటీనాను లాగుతూనే ఉంటుంది కనుక మరోచోట కొత్త చిరుగు పడొచ్చు. కొందరికి నెలలు గడిచాక రెటీనా మధ్యభాగమైన మాక్యులా మీద పలచటి పొర ఏర్పడి, గీతలు వంకరగా కనిపిస్తాయి. అందుకే తలుపు అంచు వంకరగా కనిపిస్తోందని ఎవరైనా వస్తే కళ్లజోడు నంబరు మార్చి పంపేయకండి.

మనవాళ్లు పథ్యం మాత్రం శ్రద్ధగా అడుగుతారు. వంకాయ తినొచ్చా, తలకు పోసుకోవచ్చా అని. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగేవాళ్లు తక్కువ. కంటి ముందు తేలే నల్ల చుక్కలు లేజర్‌తో పోవని కూడా ముందే చెప్పండి. లేకపోతే వైద్యం ఫెయిలయిందని ఆసుపత్రి మారుస్తారు, లేదా చుక్కలకు అలవాటుపడి కొత్తవి వచ్చినా పట్టించుకోరు.

పొర ఊడి, ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపిన వాళ్లతో ఇంకా జాగ్రత్త. గ్యాసును బట్టి అది రెండు వారాల నుంచి రెండు నెలల దాకా ఉంటుంది. విమానం ఎక్కొద్దంటాం, సరేనంటారు. చూపు దక్కిందని మొక్కు తీర్చుకోవడానికి తిరుమల బయల్దేరతారు! ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బుడగ కరిగేదాకా వెంకన్న ఏమీ అనుకోడని నచ్చజెప్పండి. మరే ఆపరేషన్‌కైనా వెళ్తే మత్తు డాక్టరుకు కంట్లో గ్యాస్ ఉందని చెప్పమనండి. నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే బుడగ అలాగే ఉబ్బుతుంది.

రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోటును రెండోది కప్పేస్తుంది. అందుకని రోజూ పొద్దున ఒక్కో కన్నూ మూసి గోడమీది క్యాలెండర్ చూడమనండి. చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, మెరుపులు కొత్తగా మొదలైనా, పక్కనుంచి తెర దిగినట్టున్నా సంక్రాంతి అయినా సరే ఆ రోజే రావాలి. ఇదంతా చీటీ మీద, ఫోన్ నంబరుతో సహా, పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేయించుకుని బయటికొచ్చిన మనిషికి చిన్నక్షరాలు కనపడవు.