క్షేత్రగణితము చెప్పబోవు ఉపాధ్యాయుడు



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందలి గ్రామపెద్దలలో పెక్కురు తమ పిల్లల క్షేత్రగణిత పుస్తకమును తిరుగవేసి, “ఈ సిద్ధాంతములు పొలము దున్నుటకా, మగ్గము నేయుటకా?” అని యడిగినవారే. దీనికి బదులు చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. అట్టి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చుట నా వృత్తి. 2015 నుండి బి.ఎడ్. చదువు రెండేండ్లదైనది. రెండవయేట 16 వారములు పాఠశాలలో నుండి పాఠములు చెప్పవలెను. కాలము చాలును.

నా తప్పు మొదట చెప్పుకొందును. దత్తాంశము, సారాంశము, ఉపపత్తి అను క్రమము తప్పకున్న చాలునని చాలకాలము మార్కులు వేసితిని. ధర్మవరము చెంత నొక పాఠశాలలో మా ఛాత్రోపాధ్యాయిని పాఠము చెప్పుచుండగా, నేతవారి పిల్లవాడొకడు “ఎదుటి భుజములు సమానమైనచో అది దీర్ఘచతురస్రమే గదమ్మా” అనెను. ఆమె కాదనెను. “ఏల కాదు?” అనెను వాడు. ఆమె నిర్వచనమును మఱల చదివి, వెనుకబల్లపై నున్న నావైపు చూచెను. నాకును నిర్వచనమే తోచినది!

ఆ రాత్రి బసలో వదులై యొకవైపు కొరగిన నులకమంచమును చూచితిని. పట్టెల పొడవు మారలేదు. మూలలు మాత్రము చెడినవి. మఱునాడు ఆమె నాలుగు కఱ్ఱలకు మేకులు కొట్టి చట్రముచేసి, పిల్లలయెదుట దానిని ఒరగించెను. భుజములవే, ఆకారము వేఱు. పునాదికి త్రాళ్లుపట్టు మేస్త్రీ ఇందువలననే మూలనుండి మూలకు రెండువైపుల కొలిచి సరిచూచును. కర్ణములు రెండును సమానమైననే మూలలు సరియైనట్లు.

ఆ పిల్లవాడు ఊరకుండలేదు. “కొలిచిన తెలియును గదా, ఋజువేల?” అనెను. “కొలిచినది ఈ చట్రమును, కొలువని చట్రముల మాటయేమి?” అని ఆమె తిరుగ నడిగెను. అప్పుడు పిల్లలే మూడేసి భుజములు సమానమైన రెండు త్రిభుజములను చూపిరి. అందువలన ప్రక్కప్రక్క కోణములు సమానములు. ఎదుటి భుజములు సమాంతరములు గనుక ఆ రెండును కలిసి రెండు లంబకోణములు. ఒక్కొక్కటి లంబకోణమే!

హాలండు దేశమున వాన్ హీలె దంపతులు 1957లో దీనినే పరిశోధించి, పిల్లవాడు ఆకారమును చూచు మెట్టున నుండగా ఉపాధ్యాయుడు ఋజువు మెట్టుననుండి పలికిన ఒకరిమాట ఒకరికి తెలియదనిరి. మనకు మెట్లు దగ్గఱనే కలవు. 16వ శతాబ్దిలో కట్టిన లేపాక్షి గుడి లతామండప స్తంభములపై అల్లికలు, ధర్మవరము చీరయంచులు, పడుగు పేకలు కలియు మూల, ఇవన్నియు నల్లబల్లకంటె ముందు చూపదగినవే. మీ పిల్లలను ఉపాధ్యాయుడు గుడికి త్రాడుతో తీసికొనిపోయిన, పాఠము ఎగవేసినాడని తలంపకుడు.

ఆమె మొదటినాటి పాఠమునకు నా పట్టికలో మంచి మార్కులే పడినవి. రెండవనాటిదానికి తగ్గినవి, అనుకొన్న సిద్ధాంతము పూర్తికాలేదు గనుక. ఆ పట్టికను మార్చితిని. పిల్లవాడడిగిన ప్రశ్నను వ్రాయుటకు అందిప్పుడొక గడి కలదు.