నేల విడిచిన తొలి నిమిషము



యువ వైమానికులు పట్టములందుకొను ఈ శుభదినమున శుభవాక్యములే పలుకవలెనను మర్యాద నెరిగియు, ఒకే ఇంజను గల చిన్న విమానము నేల విడిచిన తొలి నిమిషముననే ఆ ఇంజను ఆగిపోవుటను గూర్చి ప్రసంగింప నిశ్చయించుకొంటిని. ఏలయన ఆ నిమిషమునకు వలసిన నిర్ణయము ఆ నిమిషమున పుట్టునది కాదు.

పైకెగయు విమానము ముక్కెత్తి యుండును గనుక, ఇంజను శక్తి తొలగినంతనే వేగము క్షీణించును. వైమానికుడు విభ్రాంతుడై ఆ కొలది సెకండ్లలో ముక్కు దింపనిచో, రెక్కలపై గాలిప్రవాహము చెదరి అవి విమానమును మోయజాలవు; దీనినే స్టాల్ అందురు. అట్టివేళ వెనుకనున్న రన్‌వే మనస్సును బలముగా ఆకర్షించును. కాని వెనుకకు మరలుట యనగా 180 డిగ్రీలు తిరుగుట మాత్రమే కాదు, రన్‌వే రేఖను మరల కలిసికొనుటకు ఇంకను కొంత తిరుగవలెను. 45 డిగ్రీలు ఒరిగి సమతలమున తిరుగు విమానమునకు స్టాల్ వేగము సుమారు 19 శాతము, 60 డిగ్రీలు ఒరిగినచో 41 శాతము పెరుగును. ఎత్తును వేగమును రెండును కొరవడిన వేళ ఈ అదనపు భారమును రెక్కలెట్లు మోయగలవు? ముక్కు దించి, వేగము నిలుపుకొని, ఇంచుమించు ఎదుటనున్న బయలుననే దిగుట ప్రాణరక్షకము.

2015 మార్చి 5న కాలిఫోర్నియాలోని శాంటా మోనికా విమానాశ్రయమునుండి, 1942లో నిర్మితమైన రయన్ శిక్షణ విమానమున లేచిన నటుడు హారిసన్ ఫోర్డ్‌కు ఈ విపత్తే సంభవించెను. మొదట రన్‌వేకు మరలజూచియు, అందదని గ్రహించినతోడనే ఆ యత్నము మాని, సమీపమునందలి గోల్ఫు మైదానమువైపు దిగెను. చెట్టుకొనను తాకి నేలగూలి, తీవ్రముగా గాయపడియు బ్రదికెను. ఆ మానుకొనుటయే నా దృష్టిలో మహావివేకము. విచారణలో తేలినదేమనగా, కార్బ్యురేటరునందు ఇంధనమును కొలిచి విడుచు జెట్టు మర వదులై, ఇంధనము మితిమీరి ప్రవహించినది. ఆ కార్బ్యురేటరును పునరుద్ధరించి సుమారు 17 ఏండ్లు గడచియుండెను. ఆ జెట్టును మరల పరీక్షింపుడని చెప్పు సూచన యేదియు లేకుండెను.

కావున వైమానికులారా, ఇంధనపు తొట్టి అడుగునుండి తీసిన నమూనాలో నీరున్నదేమో చూచిన పిమ్మట, రన్‌వే మొదట నిలిచి, ఇంజను ఆగినచో ఏ యెత్తు వరకు వెనుకకు మరలరో, ఎచట దిగుదురో ప్రతి పర్యాయమును పైకి ఉచ్చరింపుడు. యంత్రవిదులారా, గ్రంథమున సూచన లేదను కారణమున ఏ మరను చూడక విడువకుడు. సందేహము కలిగెనేని, యజమాని ఎంత తొందరపడినను, విమానమును నేలపైననే నిలుపుడు.