సైక్లోను - ఉప్పెన



కార్తీకమాసము వచ్చినదనగా రేడియోలోను, పత్రికలలోను వినవచ్చు ఇంగ్లీషు మాట సైక్లోను. ఇది ప్రాచీనమైన మాట కాదు. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను అను నాతడు దీనిని కల్పించి, 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున వ్యాప్తికి దెచ్చెను. ఓడల దినచర్య పుస్తకములను ముందు బెట్టుకొని బంగాళాఖాతపు గాలివానలను అతడు పరిశీలించెను. 1839లో కోరంగిని ముంచినదియు అందొకటి. ఆ గాలి తిన్నగా వీచునది కాదు, ఒక కేంద్రము చుట్టు తిరుగునది. అందుచే గ్రీకుభాషలో పాముచుట్టను గూడ దెలుపు పదమునుండి దానికి పేరు పెట్టెను. లోకమంతయు వాడుకొను మాట పుట్టుకలో మన తీరపు దుఃఖమునకును పాలు కలదన్నమాట!

తుఫాను పారశీకమునుండి వచ్చి తెలుగైనది. గాలివాన మన సొంతము. గుడివాడ రైతునకు గాలివాన యనగా నేలకొఱిగిన వరిచేను. బందరువారికిని, దివివారికిని గుండె ఝల్లుమనిపించు మాట వేఱు, అది ఉప్పెన. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ముంచినది ఉప్పెనయే. ఆ యూరను, చుట్టుప్రక్కల పల్లెలలోను సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టినదియు అదియే. ప్రభుత్వపు లెక్కయే పదివేల దాపున నున్నది.

చుట్టకును ఉప్పెనకును సంబంధమేమి? మన సముద్రమున ఆ చుట్ట గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగును. అది పడమరగా వచ్చి ఒడ్డు దాటునపుడు, కేంద్రమునకు ఉత్తరమున గాలి సముద్రమును నేలమీదికి నెట్టును. 1977లో కేంద్రము చీరాల దాపున దాటెను. దివిసీమ దానికి ఈశాన్యమున గలదు. లోతు తక్కువైన తీరమున, తఱుమబడిన నీరు పోవ దారిలేక గోడవలె లేచినది.

తుఫాను వచ్చుచున్నదనిన ముసలమ్మ తలుపు బిగించి, చూరుకు త్రాళ్లు కట్టించి యింటనే యుండును. ఉప్పెన యనిన పిల్లలను చంకనెత్తుకొని మెట్టకో, 1977 తరువాత కట్టిన తుఫాను ఆశ్రయ భవనమునకో పోవును. కావున గ్రంథాలయమున పత్రికను గాని, చేతిఫోనులోని హెచ్చరికను గాని చదివి వినిపించు యువకులు అందు ఉప్పెన యెత్తు వ్రాసియున్నదేమో ముందుగా చూడవలెను. సైక్లోను పేరేమైనను ఫరవాలేదు. ఎన్ని మీటర్లో ఆ అంకెను మాత్రము రెండుమార్లు బిగ్గరగా చదువవలెను. ఒక మీటరనగా గడప దాటిన నీరు. అయిదనగా పాకకప్పు మునిగిన నీరు.