రంగు సుద్దలతో మాతృవందనం



పాఠశాల అనగానే మొదట జ్ఞప్తికి వచ్చే వస్తువు సుద్దముక్క. ఉదయం నల్లబల్లపై వ్రాసిన అక్షరం సాయంత్రానికి చెరిగిపోతుంది. కాని రంగు సుద్దలతో 1877లో ఒక ఆంగ్ల చిత్రకారుడు గీసిన రెండు ముఖాలు లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో నేటికీ పదిలంగా ఉన్నాయి. ఆ చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రోసెట్టి. ఆ ముఖాలు ఆయన తల్లి ఫ్రాన్సెస్‌వి, చెల్లెలు, ప్రసిద్ధ కవయిత్రి క్రిస్టినావి.

రోసెట్టి తండ్రి రాజకీయ కారణాలవల్ల ఇటలీని విడిచి లండన్ చేరిన కవి. అక్కడి కింగ్స్ కాలేజీలో ఇటాలియన్ ఆచార్యుడు. ఇంట ఆయన పిల్లలతో ఇటాలియన్‌లోను, తల్లి ఇంగ్లీషులోను మాట్లాడేవారు. పరాయిగడ్డపై ఇంటి భాషను నిలుపుకున్నందుకు ఫలితం దక్కింది. ప్రాచీన ఇటాలియన్ కవులను రోసెట్టి 1861లో ఇంగ్లీషు పాఠకులకు అందించాడు.

ఫ్రాన్సెస్ వివాహానికి పూర్వం ఇతరుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని. తన నలుగురు బిడ్డలకూ తొలి గురువు ఆమే. భర్తకు చూపు మందగించి రాబడి తగ్గినప్పుడు ఆమె మరల బోధనకు పూనుకొన్నది. మొదట లండన్‌లో, 1853లో ఫ్రోమ్ పట్టణంలో చిన్న బడులు నడిపింది. అవి నిలద్రొక్కుకోలేదు. ఆమె తీర్చిదిద్దిన బిడ్డలు మాత్రం నలుగురూ సాహిత్యంలో పేరు గడించారు.

1877 నాటికి రోసెట్టి ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. శస్త్రచికిత్స అనంతరం కెంట్ తీరాన హెర్న్ బే సమీపంలో విశ్రాంతి తీసుకొంటున్నాడు. చేయి వణికేది. ఇక చిత్రలేఖనం తనవల్ల కాదేమోనన్న దిగులు ఆయనను కుంగదీసింది. అంతకు ముందటి సంవత్సరమే పెద్దకుమార్తె మరియాను పోగొట్టుకొన్న ఫ్రాన్సెస్, డెబ్బది యేడేండ్ల వయసులో, క్రిస్టినాతో కలసి కుమారునికి తోడుగా వెళ్ళింది.

అక్కడే ఆయన సుద్దలు చేతబట్టి, ఎదుట కూర్చున్న తల్లిని, చెల్లెలిని పక్కపక్కనే చిత్రించాడు. తల్లి తలపై తెల్లని టోపీ, ముఖంలో వార్ధక్యం, ప్రశాంతత. పక్కన అదే పోలికల కుమార్తె. ఆ చిత్రం పూర్తయ్యేసరికి తన చేతిపై తనకు మరల నమ్మకం కుదిరింది. ‘ది డే డ్రీమ్’ వంటి ప్రసిద్ధ చిత్రం 1880లో ఆ చేతినుండే వెలువడింది. 1882లో కుమారుడు ముందుగా కన్నుమూశాడు. తల్లి 1886 వరకు జీవించింది.

తొలి అక్షరం నేర్పిన వ్యక్తి ఎదుట కూర్చోవడమే కొన్నిసార్లు ఔషధమవుతుంది. ఆమె జీవించి ఉండగానే రోసెట్టి ఆ వందనం సమర్పించగలిగాడు. డెబ్బది అయిదేండ్ల ఈ పండుగకు విచ్చేసిన పూర్వవిద్యార్థులు, ఇల్లు కదలలేక ఇక్కడకు రాలేకపోయిన వృద్ధ ఉపాధ్యాయుల గుమ్మం కూడా ఒకసారి తొక్కి వెళ్ళాలి. వారి చేతి సుద్ద ఏనాడో చెరిగిపోయింది. వారు నేర్పిన అక్షరం చెరగలేదని వారికి చెప్పవలసినది ఆ విద్యార్థులే.