డబుల్స్ చిన్నాట కాదు

(విజయవాడ వన్ టౌన్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం ఆటవిడుపుగా ఉండే విషయం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు తెలిసిన ఆటవిడుపు టెన్నిస్ చూడటమే. అందుచేత టెన్నిస్ గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను ఆటగాణ్ణి కాను, ఉత్త అభిమానిని. అభిమానికి పక్షపాతం ఉంటుంది. నా పక్షపాతం డబుల్స్ మీద.

ఉదయం నడకలో మన మిత్రులు కొందరు తరచుగా ఒక మాట అంటుంటారు. "సానియా మీర్జా గెలిచింది డబుల్సేగా, సింగిల్స్‌లో ఏం గెలిచింది?" అని. ఈ మాట వినబడినప్పుడల్లా నాకు మనస్సు చివుక్కుమంటుంది. దానికి జవాబు చెప్పడమే ఈనాటి నా ప్రసంగ సారాంశం.

ముందుగా నేటి ఆట సంగతి చూద్దాం. మన తరం టెన్నిస్ చూడటం మొదలుపెట్టినప్పుడు బ్యాట్లు చెక్కవి. సర్వీస్ చేసిన వెంటనే నెట్ దగ్గరకు పరుగెత్తి, బంతి నేలను తాకకముందే వాలీ కొట్టడం గొప్పవాళ్ళ పద్ధతి. మన రామనాథన్ కృష్ణన్ 1960లోను, 1961లోను వింబుల్డన్ సెమీఫైనల్స్ దాకా వెళ్ళినది బలంతో కాదు, చేతి నైపుణ్యంతో. తర్వాత గ్రాఫైట్ బ్యాట్లు వచ్చాయి. ఆ తర్వాత పాలిస్టర్ గట్టింగ్ వచ్చింది. దానితో ఎంత బలంగా బాదినా బంతి గిరగిరా తిరిగి గీత లోపలే పడుతుంది. 2001లో వింబుల్డన్ వారు గడ్డి రకం మార్చారు. కోర్టు గట్టిపడి, బంతి ఎత్తుగా లేవడం మొదలైంది. ఇక నెట్ దగ్గరకు వచ్చినవాడు పక్క నుంచి దూసుకుపోయే బంతిని చూస్తూ నిలబడవలసిందే. అందుకే నేటి సింగిల్స్ ఆటగాళ్ళు చాలామంది బేస్‌లైన్ వదలరు.

అలాగని నేటి సింగిల్స్‌ను తీసిపారెయ్యను. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో అల్కరాజ్, సిన్నర్ 5 గంటల 29 నిమిషాలు ఆడారు. అల్కరాజ్ మూడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. ఆ దేహదారుఢ్యానికి ఎవరైనా చెయ్యెత్తి దణ్ణం పెట్టవలసిందే. కాని నెట్ దగ్గర ఆట, చివరి క్షణంలో ముంజేయి తిప్పడం, తల మీదుగా లాబ్ వెయ్యడం, భాగస్వామి మనస్సు కనిపెట్టి కదలడం, ఇవన్నీ రోజూ కనబడే చోటు ఇప్పుడు డబుల్స్ కోర్టే. పాత టెన్నిస్ చచ్చిపోలేదు, డబుల్స్‌లో తలదాచుకుంది.

ఇక మనవాళ్ళ సంగతి. 1966లో మెల్‌బోర్న్‌లో జరిగిన డేవిస్ కప్ తుది పోరులో ఆస్ట్రేలియా మన మీద 4-1తో గెలిచింది. మనకు దక్కిన ఆ ఒక్కటీ డబుల్స్‌లో వచ్చిందే. కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్ అంతటివాళ్ళను ఓడించారు.

హైదరాబాదు అమ్మాయి సానియా సింగిల్స్ ఆడలేక డబుల్స్‌కు వచ్చిందన్నది పొరపాటు. 2005లో హైదరాబాదులోనే డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచింది. అదే ఏడు యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్ళింది. 2007లో ప్రపంచ ర్యాంకు 27. మణికట్టు, మోకాలు ఆపరేషన్ల తర్వాత 2013లో సింగిల్స్ మానుకుంది. మరొకరైతే అక్కడితో సర్దుకునేవారు. ఈమె 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ ఏడు వింబుల్డన్ ఫైనల్లో సానియా, హింగిస్ చివరి సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అంతే. అక్కడి నుంచి 7-5తో గెలిచారు. ఆ జంట ఒక దశలో వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు, మూడు మహిళల డబుల్స్‌లో, మూడు మిక్స్‌డ్‌లో. ఇంత చేసిన మనిషిని "డబుల్సేగా" అనడం న్యాయమేనా?

మన జిల్లా సంగతీ చెప్పాలి. విశాఖ కుర్రాడని పేపర్లవాళ్ళు రాసినా, సాకేత్ మైనేని పుట్టింది బందరు రోడ్డు మీది మన ఉయ్యూరులో. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌలో రామ్‌కుమార్‌తో మళ్ళీ రజతం. మూడు పతకాలూ డబుల్స్‌వే. కృష్ణా జిల్లా కుర్రవాడికి పతకం మెట్లు అందినది ఆ దారిలోనే.

రోహన్ బోపన్న పేరు మన వయస్సువాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి పురుషుల డబుల్స్ గెలిచినప్పుడు అతని వయస్సు 43. ఆ వయస్సులోనే మొదటిసారి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మోకాళ్ళు సహకరించకపోయినా బుర్ర, చెయ్యి పనిచేస్తే ఆట ఉంటుందని డబుల్సే చెప్పింది.

అటువంటి ఆటను నేడు కొంచెం కొంచెంగా కోసేస్తున్నారు. ఇదే నా బాధ. పురుషుల టూర్‌లో 2006 నుంచి డబుల్స్‌లో డ్యూస్ తర్వాత అడ్వాంటేజ్ తీసేశారు. మూడో సెట్ బదులు పది పాయింట్ల టై బ్రేక్ పెట్టారు. 2023లో వింబుల్డన్ పురుషుల డబుల్స్‌ను ఐదు సెట్ల నుంచి మూడుకు కుదించారు. 2025 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 30 లక్షల పౌండ్లు ఇస్తే, డబుల్స్ జంటకు, ఇద్దరికీ కలిపి, 6 లక్షల 80 వేలు. జాయింట్ ఫోటోతో పెన్షను తీసుకునే మనకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం యు.ఎస్. ఓపెన్ వారు మిక్స్‌డ్ డబుల్స్‌ను అసలు పోటీలకు ముందే రెండు రోజుల్లో ముగించారు. పదహారు జంటల్లో చాలామంది సింగిల్స్ తారలే. నాలుగు గేముల సెట్లు, పది లక్షల డాలర్ల బహుమతి. ఏళ్ళ తరబడి ఆ ఆటనే నమ్ముకున్నవాళ్ళు గేటు బయట నిలబడ్డారు. కాని జరిగినదేమిటి? అంతకుముందు ఏడు విజేతలైన ఎర్రానీ, వవస్సోరి అనే ఇటలీ డబుల్స్ జంటకు వైల్డ్ కార్డు ఇచ్చారు. వాళ్ళు ఫైనల్లో స్వియాటెక్, రూడ్ జంటను ఓడించి కప్పు పట్టుకుపోయారు. తారలను పిలిచి పెట్టిన విందులో వంట తెలిసినవాళ్ళే గెలిచారు.

నిర్వాహకుల వాదన కూడా వినాలి గదా. టిక్కెట్లు, టీవీ హక్కులు అమ్ముడయ్యేది తారల పేరు మీద. మామూలు డబుల్స్ మ్యాచ్‌లకు గ్యాలరీలు ఖాళీగా ఉండటం నిజం. మ్యాచ్ ఎంతసేపు పడుతుందో తెలియకపోతే టీవీవాళ్ళకు ఇబ్బంది. ఇదంతా ఒప్పుకుంటాను. తారలను పిలవద్దనను. కాని తారల కోసం పనివాళ్ళను బయటికి పంపకూడదు. మ్యాచ్‌లు చూపించకుండా, చూసేవాళ్ళు లేరనడం కూడా సబబు కాదు.

ఇదంతా ఎక్కడో న్యూయార్కు గొడవ, మనకెందుకని మీరనవచ్చు. డబుల్స్‌లో బతుకుతెరువు పోతే నష్టపోయేది పెద్ద దేశాల పిల్లలు కాదు. ఉయ్యూరు నుంచో, హైదరాబాదు నుంచో సింగిల్స్ మొదటి వందలోకి చేరడం ఎంత కష్టమో మనం చూస్తూనే ఉన్నాం. వాళ్ళకు తెరుచుకున్న తలుపు డబుల్స్. దాన్ని మూస్తే మన పిల్లలే బయట ఉండిపోతారు.

వన్ టౌన్ సంగతి మీకు తెలియనిది కాదు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ తప్ప జాగా లేదు. పిల్లలు స్కూలు నుంచి ట్యూషన్‌కు, ట్యూషన్ నుంచి ఎంట్రన్స్ కోచింగ్‌కు పరుగెడుతున్నారు. నగరంలో ఉన్న కాసిని కోర్టుల్లో సింగిల్స్ ఆడితే ఒక గంటకు ఇద్దరు పిల్లలు, డబుల్స్ ఆడితే నలుగురు. ఫీజు కూడా నలుగురికీ పంచుకోవచ్చు. ఇది మన తరం ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బుల్లో బాల్ బాడ్మింటన్ ఆడుకున్న పద్ధతే. తప్పు చేసిన భాగస్వామిని కసరకుండా భుజం తట్టి తర్వాతి పాయింటుకు నిలబడటం కూడా పిల్లలు అక్కడే నేర్చుకుంటారు.

కాబట్టి నా మనవి రెండే. మనుమలనుగాని, మనుమరాళ్ళనుగాని టెన్నిస్‌లో చేర్పిస్తే మొదటి రోజు నుంచే డబుల్స్ కూడా నేర్పమని కోచ్‌ను అడగండి. టీవీలో డబుల్స్ ఫైనల్ వచ్చినప్పుడు ఛానల్ మార్చకుండా కూర్చోండి. బంతి కొట్టేవాణ్ణి కాకుండా, కొట్టనివాడు ఎటు కదులుతున్నాడో చూడండి. ఆ రహస్యం ఒకసారి పట్టుబడితే ఇక ఎవరూ "డబుల్సేగా" అనరని నా నమ్మకం.